నిప్పూ నీళ్లూ నడిపిన బొమ్మ ఓడలు

చూడటానికి బొమ్మే. కానీ లోపల నిజమైన బాయిలర్, దాని కింద స్పిరిట్ దీపం, పక్కన పిడికెడంత ఇంజను, వెనక నీళ్లను తోసే రెక్కలు. నూరేళ్ల కిందట ఐరోపా పిల్లలు ఇలాంటి ఆవిరి ఓడల్ని పార్కు చెరువుల్లో వదిలేవారు. ఎన్నో మునిగిపోయాయి, మరెన్నో తుప్పు పట్టాయి. మిగిలిన కొన్నింటికే ఇప్పుడంత విలువ.

ఈ ఓడల్లో పెద్ద పేరు జర్మనీలోని మెర్క్‌లిన్ కంపెనీది. 1859లో గోపింగెన్ ఊళ్లో మొదలైంది. ఈ తరానికి అది బొమ్మ రైళ్ల కంపెనీ. రేకుతో చేసి, చేత్తో రంగులద్దిన దాని ఓడల అందం వేరు. ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు పేరు, జెండా పెట్టేవారు.

అమెరికన్ పత్రికాధిపతి మాల్కం ఫోర్బ్స్ వందలకొద్దీ బొమ్మ ఓడలు సేకరించాడు. ఆయన పోయాక, 2010లో ఆ సేకరణను న్యూయార్క్‌లో వేలం వేస్తే మెర్క్‌లిన్ వారి ‘లూసిటానియా’ దాదాపు 1.94 లక్షల డాలర్లు పలికింది. అసలు లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను 1915లో ముంచింది జర్మన్ జలాంతర్గామే. దాని బొమ్మను అంత ప్రేమగా చేసిందీ జర్మన్లే. ఇది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఈ బుల్లి ఇంజన్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది సిలిండరు. పెద్ద ఇంజన్లలో ఆవిరిని లోపలికి వదలడానికి, బయటికి పంపడానికి వాల్వులుంటాయి. చాలా బొమ్మల్లో అవేవీ ఉండవు. సిలిండరే ఊయలలా ఊగుతుంది. ఒక వైపు ఒరిగితే దాని రంధ్రం ఆవిరి వచ్చే దారికి ఎదురుపడి పిస్టన్ కదులుతుంది. రెండో వైపు ఒరిగితే వాడిన ఆవిరి బయటికి పోతుంది. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించినవాళ్లకు దండం పెట్టాలి.

బాయిలరుకు శత్రువు నిప్పు కాదు, నీళ్లు అయిపోవడం. చాలావాటి అతుకులు సీసం, తగరం కలిపిన టంకంతో వేసినవి. అది 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్లున్నంతసేపూ రేకు అంత వేడెక్కదు. ఇంకిపోయాక కూడా దీపం వెలుగుతూనే ఉందా, అతుకు ఊడినట్టే.

అన్నీ రేకు ఓడలే కావు. ఇంగ్లండ్‌లోని డీర్‌హమ్‌లో బౌమన్ కంపెనీ 1920ల్లో చెక్క ఓడల్లోనే ఆవిరి ఇంజన్లు బిగించింది.

మన తిరునాళ్లలో బేసిన్ నీళ్లలో టపటపమంటూ తిరిగే రేకు పడవ కూడా ఈ వంశానిదే. దీనికి 1891లో థామస్ పియో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. పిస్టన్ లేదు, చక్రం లేదు. దీపం సెగకు లోపలి నీళ్లు ఆవిరై, గొట్టాల్లోని నీటిని వెనక్కి చిమ్ముతాయి. ఆవిరి చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి. మరి పడవ వెనక్కి పోదేం? చిమ్మేటప్పుడు నీళ్లు ఒకే దిక్కుకు దూసుకుపోతాయి, వచ్చేటప్పుడు అన్ని దిక్కుల నుంచీ చేరతాయి. అందుకే ముందుకే పోతుంది. ఆ టపటప చప్పుడు బాయిలరు మీది పల్చటి రేకు ఉబ్బుతూ, లొట్టపడుతూ చేసేది. అన్నట్టు, గొట్టాలు రెండు ఉండక్కర్లేదు, పడవ ఒక్కదానితోనే నడుస్తుంది. రెండోది ఉంటే నీళ్లు నింపేటప్పుడు లోపలి గాలి సులువుగా బయటికి పోతుంది.