ఉలికిపాటుకు కళ్ళెం

మీరు చదువుకుంటూ ఉండగా మీ స్నేహితుడు వెనక నుంచి వచ్చి "భౌ" అని అరిచాడనుకోండి. ఉలిక్కిపడతారు. రెప్పలు మూసుకుంటాయి, మెడ ముడుచుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి. చప్పుడు చెవిన పడ్డాక రెప్ప కదలడానికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు లోపే! ఎవరా అని మీరు ఆలోచించేలోగానే మెదడు కాండమూ వెన్నుపామూ కలిసి పని ముగించేస్తాయి. ఇదొక అసంకల్పిత ప్రతీకార చర్య. అతడు అలాగే పదిసార్లు అరిస్తే? చివరికి మీకు నవ్వొస్తుంది తప్ప ఉలికిపాటు రాదు.

కాని కొందరు పిల్లలకు అది తగ్గనే తగ్గదు. పుట్టినప్పటి నుంచే ఒళ్ళు కర్రలా బిగుసుకొని ఉంటుంది. ముక్కు కొన మీద వేలితో మెల్లగా తడితే చాలు, తల వెనక్కి విదిలిస్తారు. ఎన్నిసార్లు తట్టినా అంతే. ఒక్కోసారి బిగువుకు ఊపిరి కూడా ఆగిపోతుంది. అప్పుడు బిడ్డ తలనూ కాళ్ళనూ పొట్ట వైపుకు వంచి పట్టుకుంటే బిగువు సడలుతుంది. ఈ చిన్న ఉపాయం ప్రాణం కాపాడుతుంది. చాలామంది దీన్ని మూర్ఛ అని పొరబడతారు గాని, ఇందులో స్పృహ పోదు. ఈ అరుదైన జబ్బు పేరు హైపరెక్‌ప్లెక్సియా.

కండరాలను కదిలించే నాడీకణాలకు "కదులు" అనే కబురుతోపాటు "ఆగు" అనే కబురూ అందుతూ ఉండాలి. వెన్నుపాములో ఆ రెండో కబురు మోసేది ముఖ్యంగా గ్లైసీన్. పప్పులోనూ గుడ్డులోనూ ఉండే మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లమే ఇది. అన్నిటికన్నా చిన్నది, పదే పరమాణువులు! నాడీకణం మీద ఉండే గ్రాహకం తాళమైతే గ్లైసీన్ తాళంచెవి. తాళం తెరుచుకోగానే క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్ళి కణాన్ని శాంతపరుస్తాయి.

మన అడవుల్లో పెరిగే ముషిణి చెట్టు గింజల్లో స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. అది ఈ తాళాన్నే మూసేస్తుంది. అందుకే ఆ విషం ఎక్కినవారికి చిన్న చప్పుడుకే ఒళ్ళంతా కొయ్యబారుతుంది. పుట్టుకతో ఉలికిపాటు ఉన్న కుటుంబాల్లో చెడిందీ ఈ తాళమేనని 1993లో తేలింది. దాన్ని తయారుచేసే జన్యువు అయిదో క్రోమోజోము మీద ఉంది.

"అయితే గ్లైసీన్ పొడి తినిపిస్తే సరి!" అంటారేమో. పొడి దుకాణాల్లో దొరుకుతుంది కూడా. కాని తాళం చెడినప్పుడు గుత్తెడు తాళంచెవులు తెచ్చినా ప్రయోజనమేమిటి? పైగా గ్లైసీన్‌ను శరీరం తానే తయారుచేసుకుంటుంది. తిన్నది రక్తంలో చేరినా, అక్కడి నుంచి మెదడులోకీ వెన్నుపాములోకీ సులభంగా పోనివ్వరు కావలివాళ్ళు. మరికొందరు పిల్లల్లో తాళం బాగానే ఉంటుంది, వాడిన గ్లైసీన్‌ను తిరిగి నాడి కొసలోకి చేరవేసే కూలీ పనిచేయడు. ఈ సంగతి 2006లో బయటపడింది. సరుకు ఎంత ఉన్నా మోసేవాడు లేకపోతే ఏం లాభం?

అందుకని వైద్యులు చెడిన కళ్ళేన్ని వదిలి, పక్కనున్న మరో కళ్ళేన్ని బిగిస్తారు. దాని పేరు గాబా. ఇదీ అమైనో ఆమ్లమే గాని, మాంసకృత్తుల్లో చేరదు. క్లోనజిపామ్ అనే మందు గాబా పనికి బలమిస్తుంది. పసితనపు బిగువు చాలామందిలో మొదటి ఒకటి రెండేళ్ళలో తగ్గిపోతుంది. ఉలికిపాటు మాత్రం పెద్దయ్యాక కూడా కొంత మిగిలే ఉంటుంది.