ఆగడం నేర్చుకున్న తెర

నందిగామలో ఇంటర్ పిల్లలకు తరంగాల పాఠం చెబుతూ హెర్ట్జ్ దగ్గరికి రాగానే, జగ్గయ్యపేట నుంచి వచ్చే కుర్రాడొకడు లేచాడు. "సార్, మా అన్నయ్య 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు. జీటీఏ ఆడుతూ కారు గిర్రున తిప్పితే కరెంటు స్తంభం నడుం దగ్గర విరిగినట్టు కనపడుతోంది. అంత డబ్బు పోసినా ఎందుకలా?"

జవాబు పాత దూరదర్శన్ రోజుల పెట్టెలో ఉంది. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీసుకుంటూ వచ్చేది. అడుగుకు చేరాక మళ్లీ పైకెక్కాలి. ఎక్కేటప్పుడు తెరమీద చార పడకుండా దాన్ని ఆర్పేసేవారు. మన టీవీ పద్ధతిలో 625 గీతలుంటే, బొమ్మ కనిపించేది సుమారు 576 గీతల్లోనే. మిగతా గీతల సమయమంతా ఈ ఖాళీకే పోయేది. ఎల్‌సీడీ వచ్చాక పుంజం లేదు, పైకెక్కే పనీ లేదు. సిగ్నల్లో ఖాళీ మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇక స్తంభం సంగతి. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి బొమ్మ గీస్తుంది. ఆట బొమ్మలు తయారుచేసే గ్రాఫిక్స్ కార్డుకు ఆ లెక్క పట్టదు. ఖాళీ రోడ్డయితే చకచకా గీసి ఇస్తుంది, పేలుళ్లూ పొగా వస్తే నెమ్మదిస్తుంది. తెర సగం గీసి ఉండగా కొత్త బొమ్మ వచ్చిపడితే పైన పాతది, కింద కొత్తది. అదే చిరుగు. తెర 144 హెర్ట్జ్‌దైనా ఇదే కథ. తెర ఒక బొమ్మను పూర్తిగా గీశాకే కొత్తది అందించే వీ-సింక్ పెడితే చిరుగు పోతుంది గానీ, 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ 17 మిల్లీసెకన్లకు తయారైతే 33.3 దాకా కూర్చోవాలి. ఆట తడబడుతుంది.

నందిగామ బస్టాండులో ఆర్టీసీ బస్సు టైమైతే కదులుతుంది. బయట షేర్ ఆటో జనం ఎక్కాకే కదులుతుంది. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అంటే బొమ్మ సిద్ధమయ్యాకే కదిలేలా తెరను ఆటోలా నడపడమే.

ఇందులో కిటుకు చూడండి. గీతలు గీసే వేగం మారదు, చివరి గీత తర్వాతి ఖాళీని సాగదీస్తారు. 144 హెర్ట్జ్ తెర ఒక బొమ్మను 6.9 మిల్లీసెకన్లలో ముగిస్తుంది. తర్వాతిది 17కి వస్తుందంటే, ఆ పది మిల్లీసెకన్లూ ఖాళీలోనే కాచుకుంటుంది. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ సందే ఇప్పుడు అసలు యంత్రం.

అలాగని ఎంతసేపైనా ఆగలేదు. ఎల్‌సీడీ చుక్కల్లో నిలిపిన విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది, వెలుగు తేడా వచ్చి తెర మిణుకుమంటుంది. అందుకే కనిష్ఠ హద్దు ఒకటి పెడతారు. చాలా మానిటర్లలో అది 48 హెర్ట్జ్. మరి ఆట సెకనుకు 40 బొమ్మలకు పడిపోతే? ఒక్కో బొమ్మను రెండుసార్లు చూపి, తెరను 80 దగ్గర నడుపుతారు! దీనికి పై హద్దు కింది హద్దుకు కనీసం రెండింతలుండాలి. 48–144 తెరలో కుదురుతుంది. 48–75 తెరకు 80 అందదు, చిరుగో తడబాటో మళ్లీ మొదలు.

నాకు ముచ్చటగా తోచే పోటీ ఇక్కడే ఉంది. 2013 అక్టోబరులో గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియా ఈ పద్ధతిని జీ-సింక్ పేరుతో ప్రకటించింది. అందుకు మానిటర్‌లో ప్రత్యేకంగా ఒక బోర్డు, దానిమీద 768 మెగాబైట్ల మెమరీ. మూడు నెలలు తిరక్కుండానే దాని పోటీదారు ఏఎండీ మామూలు లాప్‌టాప్‌లు పట్టుకొచ్చి, ఏ బోర్డూ లేకుండా అదే పని చేసి చూపింది. లాప్‌టాప్ తెరల్లో కరెంటు ఆదా కోసం ఖాళీని సాగదీసే వీలు ముందే ఉంది మరి! 2014లోనే అది అడాప్టివ్-సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేరింది. 2019లో ఎన్‌విడియా కూడా ఆ మానిటర్లకు తలుపు తెరిచింది. హెచ్‌డీఎంఐ 2.1లోనూ ఈ సదుపాయం వచ్చింది.

కాబట్టి విజయవాడకో హైదరాబాదుకో వెళ్లి కొనేవాళ్లు అట్టపెట్టె మీద పెద్దగా వేసిన పై అంకెతో ఆగకండి, కింది అంకె ఎంతో అడగండి. పైది దానికి కనీసం రెండింతలుండాలి. మీది ఎన్‌విడియా జీటీఎక్స్ 10 సిరీస్ కార్డయితే డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. ఇంటికి తెచ్చాక మానిటర్ మెనూలో ఒకసారి, కార్డు సెట్టింగుల్లో ఒకసారి ఆ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. దాన్ని ఆన్ చేయకపోవడం వల్లే చాలామంది కొని కూడా వాడరు.