అటక మీది గొంతులు

పుష్కరాలనాడు గోదావరి రేవులో నిలబడి మనం మూడు తరాల పెద్దల పేర్లు చెప్పుకొని పిండప్రదానం చేస్తాము. పేరు తెలిసి, గోత్రం తెలిసి, ముఖమైనా ఎరుగని పెద్ద లెందరో ఆ వరుసలో ఉంటారు. వారి గొంతు ఎట్లా ఉండేదో చెప్పగలవారు ఎవరూ ఉండరు. పోయినవారి మాటను మళ్ళీ వినగలిగే భాగ్యం మన ముత్తాతలకు లేదు, మనకు కలిగినది. టేపురికార్డరు, ఆ తరువాత వీడియో మన ఇండ్లలోకి వచ్చిన నాటినుండి పెండ్లిండ్లు, ఉపనయనాలు, సంక్రాంతి ముచ్చట్లు, తాతగారి పద్యాలు, బామ్మగారి మంగళహారతులు కాసెట్ల కెక్కినవి. నేడు అవి చాలా ఇండ్లలో అటకమీద ట్రంకుపెట్టెలలో ఉన్నవి. వాటిని డిజిటల్ రూపంలోకి మార్చుకోవలెనని అనుకొంటున్నవారు చాలామందే ఉన్నారు. అయితే ఇక అనుకొంటూ కూర్చునే వ్యవధి లేదు. ఎందువల్లనో వివరిస్తాము.

టేపు అంటే పలుచని పాలియెస్టరు రిబ్బను. దానికి ఒక వైపున ఇనుప ఆక్సైడు పొడిని, అంటే ఒక విధమైన తుప్పును, జిగురుతో కలిపి పూస్తారు. మన మాటను మైక్రోఫోను విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు రికార్డింగు హెడ్డులో అయస్కాంత శక్తిగా మారి, ఎదురుగా సాగిపోయే టేపుమీది రేణువులపై తన ముద్ర వేస్తుంది. 1963లో ఫిలిప్స్ సంస్థవారు ప్రవేశపెట్టిన కాసెట్టులో ఈ రిబ్బను వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపు. మందం మిల్లీమీటరులో యాభయ్యోవంతు కన్న తక్కువ. అరవై నిమిషాల కాసెట్టులో ఇట్టి రిబ్బను సుమారు 86 మీటర్లు చుట్టి ఉంటుంది. 1976లో వచ్చిన వి.హెచ్.ఎస్. వీడియో కాసెట్టులో టేపు వెడల్పు అర అంగుళం. మన దేశపు పద్ధతిలో దాని ఎదుట హెడ్లు అమర్చిన డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ బొమ్మను చదువుతుంది.

డిజిటల్ రూపమంటే ఆ ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసిపెట్టుకోవడమే. టేపునుండి టేపుకు నకలు తీస్తే ప్రతిసారీ కొంత స్పష్టత పోయి కొంత రొద చేరుతుంది. అంకెలను ఎన్నిసార్లు నకలు తీసినా అవి అంకెలుగానే ఉంటవి. ఇందులోని లాభమంతా ఇదే.

ఇక ఆపద సంగతి. టేపుమీది పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని చెమ్మను పీల్చుకొని కాలక్రమాన విడిపోతుంది. అప్పుడు టేపు బంకబంకగా మారి హెడ్డుకు అంటుకొంటుంది; అంటుకొన్న చోటల్లా పొడితోపాటు మాట కూడా ఊడివస్తుంది. చెమ్మకు తోడు బూజు. కాలువలు, చెరువులు, సముద్రం చుట్టూ ఉన్న మన డెల్టాలో ఈ రెండింటికీ కొదవ లేదు. దీనికి తోడు వరదలు, తుపానులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరంవద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించినప్పుడు లంక గ్రామాలు నీట మునిగినవి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను అతలాకుతలం చేసినది. అట్టి సమయాలలో ప్రాణాలు దక్కించుకోవడమే గొప్ప. కాసెట్ల పెట్టె ఎవరికి గుర్తుంటుంది?

టేపు దక్కినా, దానిని పాడించే యంత్రం దక్కవలె కదా. వీడియో కాసెట్టు యంత్రాలను చివరివరకు తయారుచేస్తూ వచ్చిన జపాను సంస్థ ఫునాయి 2016 జులైలో ఆ పని మానుకొన్నది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర ధ్వని భాండాగారంవారు 2015లోనే ఒక హెచ్చరిక చేసినారు: 2025 నాటికి అంకెలలోకి మార్చని టేపులు ఇక శాశ్వతంగా పోయినట్లే భావించుకోవలెనని. యంత్రాలు, విడిభాగాలు, వాటిని బాగుచేయగల మెకానిక్కులు ఏటేటా తగ్గిపోవడమే అందుకు కారణం. ఆ గడువు రానే వచ్చినది. ఇంట్లో పనిచేసే టేపురికార్డరు గాని వీసీఆర్ గాని ఉన్నవారు దానిని పాతసామానువానికి వేయవద్దని మా మనవి. టేపుతో సమానమైన విలువ ఇప్పుడు దానికి ఉన్నది.

రేడియోవారికి ఇండ్లలోని టేపులతో పని ఏమని అడగవచ్చు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటినుండి ప్రసారమైన దంతా భద్రంగా ఉండడానికి వీలు లేదు. ఆనాటి ప్రసారాలలో చాలాభాగం అప్పటికప్పుడు మైకు ముందు జరిగినవే. టేపు వచ్చిన తరువాత కూడా అది ఖరీదైన వస్తువు గనుక తుడిచి మళ్ళీ వాడుకోవడం ప్రపంచమంతటా ప్రసార సంస్థలకు మామూలే. బి.బి.సి.వారు 1960ల నాటి తమ టెలివిజన్ నాటకాలను ఎన్నింటినో తుడిచివేసినారు. వాటిలో ‘డాక్టర్ హూ’ అనే ధారావాహిక తాలూకు పోయిన భాగాల బొమ్మ దొరకకపోయినా ధ్వని మాత్రం దక్కినది. కారణం, కొందరు ప్రేక్షకులు ఇంట్లో టెలివిజన్ ఎదుట టేపురికార్డరు పెట్టి పట్టుకోవడమే. సంస్థ పోగొట్టుకొన్న దానిని సంసారులు కాపాడినారు. మీ ఇంట్లో ఎవరో ముచ్చటపడి రేడియోనుండి పట్టిన ఒక పాట మరెక్కడా లేనిది కావచ్చు.

టేపు, యంత్రం సంగతి చెప్పినాము. మూడవది మనిషి సంగతి. రెండేండ్ల క్రిందట కోనసీమనుండి ఒక శ్రోత పాత కాసెట్టు నొకదానిని తెచ్చి మాకు చూపినారు. ఆయన తండ్రిగారు కువైట్‌లో పనిచేస్తూ ఉన్న రోజులలో ఇంటివారు పంపిన కాసెట్టు అది. ఫోను అరుదైన ఆ కాలంలో గల్ఫు వెళ్ళినవారికి కాసెట్టే ఉత్తరం. టేపు చెడలేదు, నకలు చక్కగా వచ్చినది. తల్లి మాటలు, ఉయ్యాలలో తన ఏడుపు, పెరటిలో గేదె అరుపు వినవచ్చినవి. చివర ఒక వృద్ధురాలు “నాయనా, వేళకు తిను” అని చెప్పి, మేలుకొలుపు పాట పాడినది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. చెప్పగల తలిదండ్రులు లేరు. తణుకులో ఉన్న తొంభై ఏండ్ల మేనత్తగారికి ఫోనులో వినిపించినారు. రెండు మాటలు వినగానే ఆమె, “మా పిన్ని కదురా” అన్నారట. చిన్నతనంలోనే భర్త పోగా అక్కగారింటికి వచ్చి ఆ ఇంటి పిల్లలందరినీ పెంచినావిడ. ఆమెది ఫొటో ఒక్కటైనా లేదు. లోకంలో ఆమె గుర్తుగా మిగిలినది ఆ పాట ఒక్కటే. మరి మూడు మాసాలకు ఆ మేనత్తగారు కాలం చేసినారు. ఆయన మూడు మాసాలు ఆలస్యం చేసి ఉంటే గొంతు దక్కేది గాని, ఆ గొంతు ఎవరిదో తెలిసేది కాదు.

కాబట్టి పని ఈ క్రమంలో చేయవలె. సినిమా పాటల కాసెట్లు బజారులో మరొక చోట దొరుకుతవి. వాటిని ప్రక్కన పెట్టి, మీ ఇంట్లో తప్ప మరెక్కడా లేనివాటిని ముందు తీయండి. కాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్కు రెక్కలను విరిచివేస్తే పొరపాటున పాతది చెరిగి కొత్తది ఎక్కే ప్రమాదం ఉండదు. వెలుతురులో పరీక్షించి, తెల్లని బూజుగాని నీటి మరకగాని కనబడితే ఆ టేపును ఆడించవద్దు. ఆడిస్తే టేపూ చెడుతుంది, బూజు యంత్రానికి పట్టి తక్కిన టేపులకూ అంటుతుంది. బంకపట్టిన టేపును ఎండలో పెట్టడం, వేడిచేయడం వంటి ప్రయోగాలు ఇంట్లో చేయరాదు. అది తెలిసినవారి పని. మంచి టేపును ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటికి చుట్టి, హెడ్డును శుభ్రం చేసి, యంత్రపు లైన్ అవుట్‌నుండి కంప్యూటరుకు వైరు కలపండి. స్పీకరు ముందు సెల్‌ఫోను పెట్టి పట్టవద్దు.

ధ్వనిని వేవ్ ఫైలుగా ఉంచుకోండి. 24 బిట్ల కొలతతో రెండు చానళ్ళలో తీస్తే గంటకు సుమారు ఒక గిగాబైటు అవుతుంది. ఎం.పి.త్రీ బంధువులకు పంపడానికి బాగుంటుంది. కాని అందులో కొంత ధ్వనిని వదిలివేస్తారు గనుక అసలు ప్రతిగా పనికిరాదు. వీడియోను నేటి వెడల్పాటి తెరకు సరిపెట్టవలెనని అడ్డంగా లాగవద్దు. పాత బొమ్మ కొలత నాలుగుకు మూడు. లాగితే పెండ్లికూతురు ముఖం గుమ్మడికాయ అవుతుంది. దుకాణంలో ఇచ్చి చేయించేవారు అసలు కాసెట్లు తిరిగి తెచ్చుకోవలె. నకళ్ళు కనీసం రెండు చోట్ల ఉండవలె. అందులో ఒకటి మరొక ఊరిలో. ఒక వరదకు రెండూ పోకూడదు.

గంట కాసెట్టు ఎక్కించడానికి గంట పడుతుంది. తొందర చేయడానికి వీలులేని ఈ పని విసుగని చాలామంది వాయిదా వేస్తారు. మేమనేది, ఆ గంటే మీకు లాభమని. టేపు తిరుగుతున్నంతసేపు ఇంటి పెద్దను ప్రక్కన కూర్చోబెట్టుకోండి. చేతిలో నోటుపుస్తకం ఉంచుకొని, ఎన్నో నిమిషాన ఎవరు మాట్లాడినారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ సందర్భం అని అడిగి వ్రాసుకోండి. ఫైలు పేరులో ఆ వివరాలు చేర్చండి. టేపు మరొక పదేండ్లు నిలుస్తుందేమో, చెప్పలేము. తాతమ్మగారి జ్ఞాపకం అంతకాలం నిలుస్తుందని అసలే చెప్పలేము.

2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు వస్తున్నవి. దూరదేశాలలో ఉన్న పిల్లలు రాజమహేంద్రవరం చేరుకొంటారు. రేవులో పెద్దల పేర్లు చెప్పి ఇంటికి వచ్చిన తరువాత, ఆ పేర్లలో ఒకరి గొంతైనా వారికి వినిపించగలిగితే బాగుంటుంది కదా. ఈ ఆదివారమే నిచ్చెన వేసి అటక మీది పెట్టె దింపండి.