అంబాసిడర్‌కు జీపు కాళ్ళు

"వదినె, నీ కుట్టుమిషను టేపు ఒకసారి ఇస్తవా?" అని మా మరిది అడిగితే చొక్కా కొలతకేమో అనుకుని ఇచ్చాను. పావుగంట తర్వాత కొట్టం వైపు వెళ్ళి చూద్దును కదా, మనిషి కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నా టేపు ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగి, గ్రీజులో మునిగి ఉంది. ఆ టేపు మళ్ళీ జాకెట్టు కొలతలకు పనికి రాలేదు.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. అది 1978 నాటి మార్క్ త్రీ అంబాసిడర్. మా మామగారు 1986లో సెకండ్ హ్యాండులో కొన్నారు. పాలకుర్తిలో మా వాడకట్టులో ఎవరి పిల్లకు పెళ్ళైనా, ఎవరికి నొప్పులొచ్చి వరంగల్లు పోవాల్సి వచ్చినా అదే బండి. నేను కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చింది కూడా అందులోనే. నాలుగేళ్ళ కింద మామగారు పోయారు. పొలంలో బావి కాడ సమాధి కట్టించాం. అమావాస్యకో దీపం పెట్టి రావాలని అత్తమ్మ పట్టు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. అత్తమ్మకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆటోలో కాలు ముడుచుకోలేదు, ట్రాక్టరు మాట ఎత్తనే వద్దు. అంబాసిడర్ అయితే తలుపు వెడల్పు, సీటు మంచం లెక్క ఉంటుంది. వెనక్కి తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకుంటే చాలు. కానీ వానలు పడ్డాయంటే బావి కాడికి పోయే బండ్లబాట అంతా రేగడి బురద. అంబాసిడర్‌లో ఇంజను ముందుంటుంది గానీ తిరిగేవి వెనక చక్రాలు రెండే. ఒక చక్రం బురదలో పట్టు తప్పిందంటే అది ఊరికే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలదు. పోయిన ఆషాఢంలో అత్తమ్మను కార్లో కూచోబెట్టి, ఎడ్ల జతను పిలిపించి లాగించాం. ఆమె నవ్వింది గానీ ఆ తర్వాత రెండు అమావాస్యలు "నేను రాను పోండి" అని కూచుంది.

మరిది బుర్రలో ఆలోచన అప్పుడే పుట్టింది. డిప్లొమా చదివినవాడు, చేతులు ఊరుకోవు. లక్షా పదివేలు పెట్టి పాత జీపు ఒకటి కొనుక్కొచ్చాడు. దాని బాడీ తుప్పు పట్టిపోయింది గానీ కింద చాసిస్, రెండు హౌసింగులు, ఫోర్ వీల్ గేరుపెట్టె బాగున్నాయట. పైన అంబాసిడర్, కింద జీపు. "నాయిన కారే, కానీ నాలుగు చక్రాలూ లాగుతయి" అన్నాడు. మా ఆయన కూడా సై అన్నారు. మగవాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం మా ఇంట్లో అరుదు. అందుకే నాకు కాస్త భయం వేసింది.

చాసిస్ అంటే ఏమిటో నాకప్పటికి సరిగా తెలియదు. మరిది విడమరిచి చెప్పాడు. లారీకి, జీపుకి కింద నిచ్చెనలాంటి ఇనుప చట్రం ఉంటుంది. ఇంజను, స్ప్రింగులు, చక్రాలు అన్నీ దానికే బిగిస్తారు. పైబాడీ తీసి పక్కన పెట్టినా బండి నడుస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలు తయారయ్యేది ఇలాగే. కంపెనీ నుంచి వట్టి చాసిస్ వస్తుంది, తొట్టి ఇక్కడి వడ్రంగులు, వెల్డర్లు కడతారు. పాతకాలంలో కార్లకూ ఇదే పద్ధతి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది చూడండి, 1912 నాటిది, దాని చాసిస్ రోల్స్ రాయిస్ వాళ్ళదైతే పైన సింహాసనం లాంటి సీటున్న బాడీ లండన్‌లో బార్కర్ అనే మరో కంపెనీ కట్టింది.

మన హైదరాబాదులోనే సుధాకర్ గారని ఒకాయన ఉన్నారు. బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఆయనదే, 2010లో తెరిచారు. పాత సామాన్లతో హైహీల్ చెప్పు ఆకారంలో, హ్యాండ్‌బ్యాగు ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో కార్లు కట్టారు, అవన్నీ నడుస్తాయి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ రికార్డుకెక్కారు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించిన రోజు నుంచీ మరిదికి ఆ పిచ్చి మరీ ముదిరింది.

కానీ అంబాసిడర్ ఆ జాతిది కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర మొదలుపెట్టి, 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారు చేసిన కారు. దానికి విడిగా చాసిస్ లేదు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ కలిసి అతికిన పెట్టె, అగ్గిపెట్టె లెక్క. అగ్గిపెట్టె గట్టిగానే ఉంటుంది, అడుగు అట్ట కోసి చూడండి, వేలితో నొక్కితే ఒరిగిపోతుంది. కారు అడుగు కోసి జీపు చట్రం మీద కూర్చోబెట్టాలంటే లోపల మళ్ళీ ఇనుప పట్టీలతో బలం ఇవ్వాలి.

నా టేపు చెప్పిన లెక్క ఇంకొకటి. అంబాసిడర్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 97 అంగుళాలు. ఆ పాత పొట్టి జీపుకి 80 అంగుళాలే. అంటే చాసిస్‌ను మధ్యలో కోసి 17 అంగుళాలు అతకాలి, లేదా మొత్తం కొత్తగా కట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు పెంచాలి, పెంచి బ్యాలెన్సు చేయించాలి, లేకపోతే కారంతా వణుకుతుంది. ముందు హౌసింగులో, వెనక హౌసింగులో పళ్ళ లెక్క ఒకటే ఉండాలి. కారు ఇంజను నూనె తొట్టి కిందికి వేలాడుతుంది, సరిగ్గా అక్కడే జీపు ముందు హౌసింగు పైకీ కిందికీ ఊగుతుంది. ఇంజను పైకి లేపితే బానెట్టు మూయరాదు.

ఇదంతా నాకు చెప్పింది జనగామ మిస్త్రీ ఒకాయన. అరవై దాటిన మనిషి, బీడీ ఆర్పేసి గానీ ఇంట్లోకి రాలేదు. నేను చాయ్ ఇస్తూ ఊరికే అడిగాను, నాలుగు చక్రాలూ తిరిగితే అంత మంచిదైతే అన్ని కార్లకూ ఎందుకు పెట్టలేదని. ఆయన నా రెండు స్టీలు గ్లాసులు తీసుకుని బల్ల మీద మలుపు తిప్పి చూపించాడు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి, వెనకవి తక్కువ. జీపులో ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా ముడిపడిపోతాయి. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద సర్దుకోదు, టైర్లు అరుగుతాయి, షాఫ్టులు మెలిపడతాయి. అందుకే జీపులో బురదకే ఫోర్ వీల్, రోడ్డెక్కగానే తీసేయాలి. ఎప్పుడూ నాలుగూ లాగాలంటే మధ్యలో మూడో డిఫరెన్షియల్ కావాలి.

తర్వాత మరిది దగ్గరున్న పుస్తకాల్లో చూశాను, ఈ తంటా పాతదే. హాలెండులో స్పైకర్ కంపెనీ 1903లోనే నాలుగు చక్రాలూ లాగే కారు చేసింది. యుద్ధం కోసం అమెరికాలో 1941 నుంచి విల్లీస్ జీపు లక్షల్లో తయారైంది. ఆ జీపునే 1947లో మహీంద్రా వాళ్ళు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. రోడ్డు మీద మామూలుగా నడిచే కారుకి ఈ సౌకర్యం ఇంగ్లండులో 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్‌తో వచ్చింది, 1980లో ఆడీ క్వాట్రో దాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది. ఆడీలో ముందు డిఫరెన్షియల్ ఊగదు, దాన్ని బండికే బిగించి, పొట్టి షాఫ్టులతో చక్రాలకు శక్తినిస్తారు. అందుకే కారు ఎత్తు పెరగలేదు.

ఎత్తు. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, అత్తమ్మకు తప్ప.

మిస్త్రీ గోడ మీద సుద్దతో గీత గీశాడు. ఇప్పుడు సీటు ఇక్కడ, జీపు చాసిస్ మీద పెడితే ఇక్కడ అని. రెండు గీతల మధ్య దాదాపు పది అంగుళాలు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా వింటోంది. మెల్లగా లేచి వచ్చి, గోడ పట్టుకుని పై గీత దగ్గర నిలబడింది. అది ఆమె నడుం దాటింది.

"మంచిగనే ఉంది బిడ్డా. ఇగ నన్నెవరు ఎత్తి పెడ్తరు?"

మరిది మొహం చూడలేకపోయాను. పాపం, అంతా ఆమె కోసమే కదా మొదలుపెట్టింది.

కిందికి దింపి కట్టచ్చు, ఆడీ లెక్క చేయచ్చు అని మిస్త్రీయే అన్నాడు. "చేస్తే అయితదమ్మా. కని అయ్యేటి ఖర్చుకు మూడు కార్లొస్తయి. అయినంక అది మీ సారు కారు కాదు, ఇంకో బండి." మా ఆయన అప్పటికి ఆర్టీఏ ఆఫీసులో తెలిసినవాళ్ళను అడిగి వచ్చారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అనుమతి లేకుండా మారిస్తే మార్పుకి అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొహం చాటేస్తారు. మా బండ్లబాట ఊరందరిదీ, మా సొంతం కాదు.

ఇంకో మాట కూడా చెప్పారట. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్‌గా ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజను మారిస్తే ఆ యోగ్యత పోతుంది. మా కారుకి 2028లో యాభై నిండుతాయి. అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు వాడకూడదట, కనుక మాకు అది ఎంతవరకు ఉపయోగమో నాకు అనుమానమే. అయినా కోసేసిన అగ్గిపెట్టెను మళ్ళీ అతికించలేం కదా అనిపించింది.

మరిది వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఎనిమిదో రోజున కారు వెనక పట్టా స్ప్రింగులు విప్పి, కొత్త ఆకులు వేయించుకొచ్చాడు. మంచి పట్టున్న టైర్లు వేశాడు. తర్వాత మేమందరం చేయాల్సిన పని చేశాం. పక్క పొలాలవాళ్ళను కలిసి తలా కొంత వేసుకుని బండ్లబాటకు మొరం పోయించాం. ఇరవై రెండు ట్రిప్పులు పట్టింది. అందులో మా వాటా, జీపు సామాను అమ్మితే వచ్చిన డబ్బులోంచే కట్టాం. ఫోర్ వీల్ గేరుపెట్టె మాత్రం మరిది అమ్మలేదు. పాత గోనెసంచి కప్పి కొట్టంలో పెట్టుకున్నాడు, నేను చూడనట్టే ఉంటాను.

మొన్న వాన వెలిసిన అమావాస్యకు అత్తమ్మ కార్లో బావి కాడికి వెళ్ళింది. మలుపు దగ్గర వెనక చక్రం ఒక్కసారి జారింది. మరిది గేరు తగ్గించి, తొందర పడకుండా, మెల్లగా లాగించాడు. అత్తమ్మ అద్దం దించమని, బయటికి చూస్తూ "మీ నాయిన గూడ గిట్లనే నడుపుతుండె" అంది. దిగేటప్పుడు ఎవరినీ చెయ్యి అడగలేదు.