చీమలు పంచదార కోసమే వస్తాయా?

పంచదార డబ్బా మూత బిగించారు. తేనె సీసాని నీళ్ల పళ్లెంలో పెట్టారు. పొయ్యి గట్టు సబ్బు నీళ్లతో తుడిచారు. అయినా తెల్లారేసరికి వంటింటి మూల నుంచి బారులు తీరి చీమలు! ‘నా శుభ్రతలోనే లోపముందేమో’ అని నొచ్చుకుంటున్నారా? తప్పు మీది కాకపోవచ్చు. మీ ఇంటి కింద మట్టిది కావచ్చు!

కొత్తింట్లో చేరిన ఏడాది నేనూ ఇలాగే విసిగిపోయి గోడల వారన చీమల మందు చల్లాను. సాయంత్రం చూస్తే, పాకుతున్న మా చంటాడి అరచేతుల నిండా తెల్లటి పొడి! నోట్లో పెట్టుకునే లోపే అత్తయ్యగారు చూశారు కాబట్టి సరిపోయింది. వాడి చేతులు కడుగుతున్నంతసేపూ నా గుండె దడ తగ్గలేదు. మందు లేకుండా దారి లేదా అని ఆ రోజు నుంచే చీమల బొరియలను గమనించడం మొదలుపెట్టాను.

ఏ మట్టి ఇష్టం?

నేలలో గూడు కట్టే చీమకి పలుగూ పారా లేవు. ఉన్నవి రెండు దవడలే. మట్టిని రవ్వంత రవ్వంతగా నోట కరుచుకుని పైకి మోసుకురావాలి. మరీ పొడి ఇసుకైతే తవ్వేకొద్దీ జారిపోతుంది. బురదైతే దారి కూలిపోతుంది. సున్నుండలు చుట్టేటప్పుడు నెయ్యి చాలకపోతే పిండి రాలిపోతుంది, ఎక్కువైతే ఉండ నిలవదు కదూ? చీమకీ అదే లెక్క. తొలకరి పడ్డ మర్నాడు పెరటి నిండా కొత్త బొరియలు, చుట్టూ రవ్వలా పోగైన మట్టి కనిపించేది అందుకే.

నల్లరేగడి ఎండకి నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బి మూసుకుపోతుంది. అందులో గదులు నిలబెట్టుకోవడం కష్టం. ఇసుక కలిసిన ఎర్రనేలలో నీరు నిలవదు, తవ్వకమూ తేలిక. అమెరికాలోని ఫ్లోరిడా ఇసుక నేలల్లో గింజలు దాచుకునే చీమలు 2 మీటర్లకు మించిన లోతుకు కూడా వెళ్తాయి. వాల్టర్ చింకెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ బొరియల్లో కరిగించిన లోహం పోసి, గట్టిపడ్డాక వెలికి తీసి, అంతస్తులంతస్తులుగా ఉన్న ఆ గూళ్ల అచ్చులు లోకానికి చూపించారు.

మన ఇంటి కింద ఏముంది?

పునాది గోడల మధ్య ఇసుకో మొరమో నింపి, పైన గచ్చు చేస్తారు. ఆ మట్టి వానకి తడవదు, ఎండకి కాగదు. పైగా స్నానాలగది నుంచి కాస్త చెమ్మ! చీమకి ఇంతకన్నా ఏం కావాలి? గచ్చు పగులు దగ్గర పొద్దున్నే సన్నటి ఇసుక పోగు కనిపిస్తే, గూడు ఆ కిందే ఉందన్నమాట.

ఇలా చేసి చూడండి

* బారు కనిపించగానే తుడిచేయకండి. దాని వెంట వెళ్లి, ఎక్కడ దూరుతోందో చూడండి.

* ముందు చెమ్మ ఆపండి. కారే కుళాయి, పగిలిన తూము బాగు చేయించండి. ఆ తర్వాతే పగుళ్లలో సిమెంటు పూయండి. చెమ్మ ఉండగా ఒక కన్నం మూస్తే పక్కనే ఇంకోటి తెరుస్తాయి.

* గోడకి ఆనించి ఇటుకలు, నాపరాళ్లు పేర్చకండి. ఎండకి వెచ్చబడ్డ రాతి కిందకి చీమలు తమ పిల్లల్ని చేర్చుకుంటాయి.

* పూలకుండీలు నేల మీద కాక, స్టాండు మీద పెట్టండి.

* గోడ మీద మట్టి గొట్టాల్లాంటి దారులు కనిపిస్తే అవి చీమలు కాదు, చెదలు. వెంటనే జాగ్రత్తపడండి. అన్నట్టు, పాములు చేరే పెద్ద పుట్టలు కట్టేదీ ఈ చెదలే సుమా!

పెరటి చివర బొరియల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి వల్ల నేల గుల్లబారుతుంది, వాన నీరు లోపలికి ఇంకుతుంది. గుమ్మం బయట బియ్యప్పిండి ముగ్గు వేసి వాటి వాటా అక్కడే పెట్టేయండి.

మా వంటింట్లోకి ఇప్పటికీ ఒకటీ అరా చీమ వస్తూనే ఉంటుంది. తుడిచేస్తాను, అంతే. మందు డబ్బా మాత్రం మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.