యూనో బోర్డులో 6.6 వోల్టుల గీత

ప్యాపిలి లాంటి వాన తక్కువ మెట్టప్రాంతంలో వేరుశెనగ చేలో తేమ కొలవడానికి ఒక విద్యార్థి ఆర్డ్యూనో యూనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టాడనుకుందాం. చేలో దానికి ఆధారం సోలార్‌తో నిండే 12 వోల్టుల బ్యాటరీ. ప్రోగ్రామ్ మార్చాలంటే ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ వైరు తగిలించాలి. అప్పుడు బోర్డుకు రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది. దేన్ని వాడుకోవాలో తేల్చేదెవరు?

2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డ్యూనో తొలి బోర్డుల్లో అది మనిషి పనే. మూడు పిన్నుల మీద జంపర్ అనే బుల్లి ప్లాస్టిక్ ముక్క ఉండేది. ఒకవైపు పెడితే యూఎస్‌బీ, రెండోవైపు పెడితే బయటి కరెంటు. మార్చడం మరిచిపోతే బోర్డు వెలగదు. 2007 నాటి డీచీమిలా దాకా ఇదే పద్ధతి. తర్వాత వచ్చిన డ్యూయెమిలానోవెతో జంపర్ పోయింది, ఎంపిక బోర్డే చేసుకుంది. 2010లో వచ్చిన యూనో ఆ పద్ధతినే కొనసాగించింది.

రెండింటినీ నేరుగా కలిపేస్తే ఏమవుతుంది? రెండు బోర్ల నీళ్లు ఒకే పైపులోకి వదిలితే బలమైన మోటారు బలహీనమైన దానిలోకి నీటిని వెనక్కి తోస్తుంది. ఇక్కడా అంతే, ఎక్కువ వోల్టేజీ ఉన్న వైపు నుంచి కరెంటు ల్యాప్‌టాప్ పోర్టులోకి ఎదురు పారవచ్చు. మామూలు డయోడ్ పెట్టి ఆపొచ్చు గానీ, అది దాదాపు 0.7 వోల్టు మింగేస్తుంది. ఉన్నదే 5 వోల్టులు.

యూనో చూపిన ఉపాయం నాకెంతో నచ్చుతుంది. బయటి వోల్టేజీని రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు సగం చేస్తాయి. ఆ సగాన్ని ఆప్-యాంప్ అనే చిప్ బోర్డులోని 3.3 వోల్టులతో పోలుస్తుంది. సగం ఎక్కువైతే, అంటే బయటి వోల్టేజీ 6.6 దాటితే, యూఎస్‌బీ దారిలోని మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ తలుపు మూసుకుంటుంది. తక్కువైతే తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడు దాని నిరోధం సుమారు 0.07 ఓమ్, అర ఆంపియర్ పారినా పోయేది 0.035 వోల్టే. ప్రోగ్రామ్‌లో ఒక్క వాక్యం కూడా రాయకుండా, కొన్ని రూపాయల విడిభాగాలతో తీర్పు జరిగిపోతుంది.

అయితే ఈ కాపలాదారు చూసేది ఒక్క బయటి వోల్టేజీనే. 5వీ అని రాసి ఉన్న పిన్నుకు మనమే 5 వోల్టులు ఇస్తే అది గమనించదు. బయటి సరఫరా లేదనుకుని మాస్‌ఫెట్‌ను తెరుస్తుంది, మన కరెంటు యూఎస్‌బీ వైపు వెనక్కి వెళ్లగలదు. వేడి సంగతీ మరవకూడదు. 12 వోల్టులు ఇచ్చి 100 మిల్లీ ఆంపియర్లు వాడితే, దాన్ని 5 వోల్టులకు దించే రెగ్యులేటర్ మీద దాదాపు 0.7 వాట్ వేడిగా పోతుంది. ఎండ మండే చేలో మూసిన డబ్బాలో అది చిన్న విషయం కాదు. 2023 నాటి యూనో ఆర్4లో ఆ రెగ్యులేటర్ స్థానంలో తక్కువ వేడితో వోల్టేజీ దించే బక్ కన్వర్టర్ పెట్టారు, 6 నుంచి 24 వోల్టుల దాకా తీసుకుంటుంది.

పాత యూనోతో పని చేసే పిల్లలకు ఒక్క మాట. 12 వోల్టుల ప్యానెల్ మీద లోడు లేనప్పుడు 20 వోల్టులు దాటవచ్చు. దాన్ని నేరుగా బోర్డుకు తగిలించకండి, ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ మధ్యలో ఉండాలి. 5వీ పిన్నుకు బయటి సరఫరా ఇచ్చినంతసేపూ యూఎస్‌బీ వైరు తీసేయండి.