తగ్గించుకొనుటకును లెక్క కలదు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పెద్దల యెదుట శరీరపు బరువు తగ్గించుకొనుటను గుఱించి ప్రసంగింపబూనుట మొదట కొంత వింతగా తోచవచ్చును. పాలమూరు మట్టిలో పుట్టినవారికి కఱవు తెలియును, వలస తెలియును, గంజి తెలియును. తిండి యెక్కువై బాధపడుట మన తాతల కాలమున ఏ కొద్దిమందికో గాని లేదు. అయినను నేడు మన యూళ్ళలో రచ్చకట్టపై కూర్చున్న పదిమందిని చూచినచో, షుగరు మాత్ర మ్రింగువారును, రక్తపుపోటు మాత్ర మ్రింగువారును, మోకాళ్ళ నొప్పిచే మెట్టెక్కలేనివారును అందు కానరాకపోరు. వైద్యుడు వారిని చూచి బరువు తగ్గుమనును. దినమున కెంత తగ్గించి తినవలెనో, ఎన్ని నెలలు పట్టునో తెలియక కొందఱు ఏమియు చేయరు. కొందఱు ఒక్కసారిగా అన్నము మానివేసి మంచ మెక్కుదురు. రెండును తప్పే. తగ్గించుకొనుటకును ఒక లెక్క కలదు. అది బడిపిల్లలకు వచ్చు తీసివేతకంటె కష్టమైనది కాదు.

ముందుగా ఈ బరువు ఎట్లు వచ్చినదో విచారింతము. మన పెద్దలు జొన్నరొట్టెయు, గట్కయు, అంబలియు త్రాగి తెల్లవారకముందే పొలమునకు పోయెడివారు. మోట తోలుట, నాగలి పట్టుట, బండ కొట్టుట వారి పనులు. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుటతో వరియన్నము ప్రతి యింటను నిత్యభోజన మయ్యెను. 1990ల దశకమున జూరాల యానకట్ట నిండిన పిమ్మట కాలువల క్రింద వరిమళ్ళు పెరిగెను. ఇది మేలే గాని కీడు కాదు; ఆకలి తీరుట ఎన్నటికిని కీడు కానేరదు. కాని అదేకాలమున మోటకు బదులు మోటారును, నాగలికి బదులు ట్రాక్టరును, కాలినడకకు బదులు మోటారుసైకిలును వచ్చినవి. చాకిరి తగ్గినది, కంచము మాత్రము తగ్గలేదు.

ఈ మాటను అంకెలలో చూతము. తిండి శరీరమున కిచ్చు శక్తిని కేలరీలలో కొలుతురు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు వలయు నుష్ణమును మనము వాడుకలో ఒక కేలరీ యందుము. 1918లో కూనూరున ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థయు, భారత వైద్య పరిశోధనా మండలియు 2020లో నిర్ణయించిన లెక్క యిది. అఱువదియైదు కిలోల బరువుగల పురుషుడు కాయకష్టము చేయువాడైనచో దినమునకు 3,470 కేలరీలు వలయును. కూర్చుండి పని చేయువాడైనచో 2,110 చాలును. ఏబదియైదు కిలోల స్త్రీకి కాయకష్టమునకు 2,720. కూర్చుండు పనికి 1,660. నాగలి విడిచినవాడు నాగలి పట్టిననాటి కంచమునే తినుచున్నచో దినమునకు వేయికి పైగా కేలరీలు మిగులునన్నమాట. వయస్సు మీఱినకొలది అవసరము ఇంకను తగ్గును. ఈ మిగిలినదే నడుముచుట్టు క్రొవ్వుగా నిలుచును.

ఇక తీసివేత. ఒక కిలో శరీరపు క్రొవ్వు సుమారు 7,700 కేలరీల నిలువ. దినమునకు 500 కేలరీల చొప్పున తగ్గించినచో వారమునకు 3,500. అనగా ఇంచుమించు అరకిలో క్రొవ్వు. వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమమని జాతీయ పోషకాహార సంస్థవారును చెప్పియున్నారు. కావున ఐదువందలనునది సామాన్యముగా వాడుకలోనున్న అంకె. అయితే ఈ అంకె అందఱకును ఒక్కటి కాదు. నేటి నా ప్రసంగమున ముఖ్యముగా గుర్తుంచుకొనదగిన మాట యిదియే.

2,110 కేలరీలు వలయు పురుషుడు 500 తీసివేసినచో 1,610 మిగులును. అందులో ఆయన ప్రాణమునకు, కండకు, నడకకు చాలినంత కలదు. 1,660 వలయు స్త్రీ అదే 500 తీసివేసినచో 1,160 మాత్రమే మిగులును. వైద్యుని పర్యవేక్షణ లేక స్త్రీలు 1,200కును, పురుషులు 1,500కును దిగువకు పోరాదని సామాన్యముగా వైద్యులు చెప్పుదురు. కావున ఆమెకు 300 మొదలు 400 వఱకు చాలును. అఱువదియేండ్లు దాటి యింటిపట్టున నుండు ముసలితల్లికి 200 మొదలు 300 వఱకు చాలును. యజమానుడు తాను తగ్గించుకొన్న కొలతనే యింటనున్న తల్లికిని, భార్యకును విధించుట లెక్క తెలియనివాని పని. పెద్ద అప్పునుండి నూఱు రూపాయలు తగ్గుట వేఱు; కూలిడబ్బునుండి నూఱు తగ్గుట వేఱు.

మనమెంత తినుచున్నామో కేలరీలలో కొలువవలసిన పనియు లేదు. నెలనాళ్ళుగా మీ బరువు పెరుగకయు, తఱుగకయు నున్నచో, మీరు తినునదియు ఖర్చుపెట్టునదియు సమానమని అర్థము. ఇప్పుడు తినుదాని నుండియే తీసివేయుడు. రెండు నెలలలో ఒక కిలో పెరిగినవాడు దినమునకు ఇంచుమించు 130 కేలరీలు మాత్రమే ఎక్కువ తినినాడు. అది ఒక చిన్నరొట్టె పాటి. ఇంత స్వల్పమైన మిగులే ఏండ్లు గడచినకొలది పెద్ద బరువగును.

ఏది తీసివేయవలెను? ఏబది గ్రాముల బియ్యము, అనగా గుప్పెడుకు కొంచెము హెచ్చు, సుమారు 178 కేలరీలు. దినమునకు మూడుమార్లు చాయ త్రాగుచు, మాఱుమాఱునకు రెండు చెంచాల చక్కెర వేసికొనువాడు ఆ చక్కెర మానినచో 120. నూనె గ్రామునకు 9 కేలరీలు. ఐదుగురున్న యింట లీటరు నూనె ఆఱు దినములలో ముగియుచున్నచో దానిని తొమ్మిది దినములు వచ్చునట్లు వాడుడు. మనిషికి దినమునకు 90 కేలరీలు తగ్గును. ఈ మూడును కలిపిన 388. దీనికితోడు కాలువగట్టుమీద అరగంట చుఱుకుగా నడచినచో సుమారు మఱియొక 100. ఆకలితో నకనకలాడక, ఒక పూట భోజనమైనను మానక, ఇంచుమించు ఐదువందల లెక్క తీఱినది. స్త్రీలకు వీనిలో గుప్పెడు బియ్యమును, నూనె పొదుపును, చిన్న నడకయు చాలును. సాయంకాలము అంగడిలో మిర్చి బజ్జీలు తినువారును, కల్లు త్రాగువారును ముందుగా వానిని తగ్గింపవలెను. మద్యసారము గ్రామునకు 7 కేలరీల నిచ్చి, పోషణము నొసగదు.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. అన్నము మాని జొన్నరొట్టె తినినచో ఎంత తినినను బరువు తగ్గునని పలువురి నమ్మకము. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో నూఱు గ్రాముల బియ్యమునకు 356 కేలరీలు, నూఱు గ్రాముల జొన్నలకు 334. భేదము స్వల్పము. జొన్నలోని మేలు కేలరీ తక్కువగుట కాదు. పీచు ఎక్కువగుటచే రెండు రొట్టెలతో కడుపు నిండుట. నాలుగు రొట్టెలకు పోయినచో ఆ మేలు పోవును. మన నేలలో విస్తారముగా పండు వేరుసెనగయు మంచిదే గాని, నూఱు గ్రాములకు 500కు పైగా కేలరీలుండును. గుప్పెడు తినుట ఆహారము. కబుర్లలో పడి గంపెడు తినుట బరువు.

ఏది తీసివేయరాదో అదియు తెలియవలెను. పప్పు, మజ్జిగ, ఆకుకూర తగ్గింపరాదు. తినువారు గ్రుడ్డును, చేపను మానరాదు. తిండి తగ్గినప్పుడు శరీరము క్రొవ్వునే గాక కండను కూడ కరగించుకొనును. ముసలితనమున పోయిన కండ మరల వచ్చుట దుర్లభము. కండ పోయినవాడు స్నానాల గదిలో జాఱిపడును, తుంటి విఱుగును. కావున పెద్దవారు కిలో బరువునకు ఇంచుమించు ఒక గ్రాము చొప్పున మాంసకృత్తులు తినవలెను. మూత్రపిండముల వ్యాధిగలవారు మాత్రము వైద్యుని యడిగి తినవలెను. కూర్చుండి లేచుట, నీళ్ళబిందె మోయుట వంటి పనులు మానకుండుటయు కండను నిలుపును.

ఎక్కువ తగ్గించినచో త్వరగా తగ్గుదుముగదా యని కొందఱందురు. 1944, 1945 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున యాన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ముప్పదియాఱుగురు ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితో, ఆఱునెలలు ఇంచుమించు సగము తిండి మాత్రమే పెట్టి చూచెను. వారి బరువు నాలుగవవంతు తఱిగెను. కాని వారు చలికి వణకిరి, దిగులుపడిరి, పగలును రాత్రియు తిండినే తలచిరి; వారి గుండె నెమ్మదించెను. ఆదాయము తగ్గినప్పుడు సంసారి ఖర్చు తగ్గించుకొనునట్లు శరీరమును తన ఖర్చును తగ్గించుకొనును. యువకులకే యిట్లయినచో పెద్దలమాట చెప్పనేల? అతివేగముగా తగ్గినవారికి పిత్తాశయమున రాళ్ళు పడుటయు కలదు.

ఈ కారణముచేతనే నెలలు గడచినకొలది తగ్గుదల మందగించును. బరువు తగ్గిన శరీరమునకు కావలసిన తిండియు తగ్గును. మొదటివారమున రెండు కిలోలు పోయినచో సంతోషపడవలదు. అందు చాలవఱకు నీరు. మూడవ నెలలో నిలిచిపోయినచో నిరాశపడవలదు. వారమున కొకమారు, ప్రొద్దున, ఒకే త్రాసుమీద తూగి వ్రాసికొనుడు. త్రాసు లేనివారికి మొలత్రాడు కలదు. అది వదులగుచున్నచో పని జరుగుచున్నట్లే. డెబ్బదియైదు కిలోలవాడు ఉగాదినాడు ఆరంభించి తొలి యేకాదశినాటికి నాలుగు కిలోలు తగ్గినచో చాలును. అంతమాత్రముననే షుగరును, రక్తపుపోటును కొంత లొంగును.

ఎంతవఱకు తగ్గవలెనను ప్రశ్నకు మన ప్రాచీనులే దారి చూపిరి. చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయమను అధ్యాయము కలదు. అందు నిందింపబడిన ఎనిమిది శరీరములలో అతిస్థూలమొకటి, అతికృశ మొకటి. స్థూలము మాని కృశమును చేరుట చికిత్స కాదు. నేటి లెక్కలో కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుమార్లు భాగించినప్పుడు మన దేశమువారికి 23 దాటినచో హెచ్చు బరువు, 25 దాటినచో స్థూలకాయము. నూట అఱువదియైదు సెంటీమీటర్ల ఎత్తువానికి అవి సుమారు 63, 68 కిలోలు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మీఱరాదు. డెబ్బది దాటిన పెద్దలు మాత్రము కొంచెము నిండుగా నుండుటయే మంచిది. వారు వైద్యుడు చెప్పనిదే తగ్గింపరాదు.

కొందఱు ఈ లెక్కజోలికే పోరాదు: గర్భిణులు, బాలింతలు, క్షయరోగులు, ఇదివఱకే బక్కచిక్కినవారు. ఇన్సులిన్ సూది వేసికొనువారును, షుగరు మాత్రలు మ్రింగువారును తిండి తగ్గించుటకు ముందే వైద్యునితో చెప్పి మందు సరిచేయించుకొనవలెను. మందు పాతదే యుండి తిండి తగ్గినచో రక్తమున చక్కెర పడిపోవును. చెమట పట్టును, చేతులు వణకును, మాట తడబడును. అట్టివేళ తెలివియున్నవానికి వెంటనే చక్కెరనీరు త్రాగింపవలెను. తెలివి తప్పినచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి తరలింపవలెను. ఏకాదశి యుపవాసమునకును, రంజాను ఉపవాసమునకును ఈ జాగ్రత్తయే వర్తించును. ఇక తగ్గింపకయే బరువు తగ్గిపోవుచున్నచో అది శుభము కాదు. షుగరో, క్షయయో, అంతకు మించినదో లోపల నుండవచ్చును. ఆలస్యము చేయక పరీక్ష చేయించుకొనుడు.

పెద్దలారా! కఱవునాడు మన పెద్దలు గింజ గింజయు లెక్కించి సంసారమును గట్టెక్కించిరి. ఆ లెక్క లేమినాడు ఎంత అవసరమో కలిమినాడును అంతే అవసరము. గుప్పెడు బియ్యము, ఆఱు చెంచాల చక్కెర, అరగంట నడక, వీనితో ఆరంభింపుడు. మీకు చాలిన కొలతను మీరు తీసికొని, మీ యింటి స్త్రీలకు చాలిన కొలతను వారికి విడువుడు. సెలవు.